వకీలుగారి గౌరవం ఎక్కడ పోయింది?

అసాహెల్ టార్‌బాక్స్‌కు ఒకే ఒక్క జబ్బు. ఎదుటివాడి నోట్లోంచి గాని, చేతిలోంచి గాని ఒక తప్పు మాట బయటపడిందంటే, అది నేలమీద పడేలోపు పట్టుకుని దిద్దకపోతే ఆయనకు ఊపిరాడేది కాదు. తిండి మానగలడు, నిద్ర మానగలడు, స్నేహాలు కూడా మానగలడు. స్నేహాలైతే చాలావరకు మానేశాడు కూడా, అవతలివాళ్ల సహకారంతో.

ఇండియానాలో బెథెల్ ఫోర్డ్ అనే చిన్న ఊళ్లో ఆయన వకీలు. నల్లకోటు ఎడమ జేబులో పెన్సిలు, కుడి జేబులో సుద్దముక్క. పెన్సిలు కాగితాల కోసం, సుద్ద గోడల కోసం. ఆయన వీధిలోకి వస్తున్నాడంటే దుకాణాలవాళ్లు లేచి తమ బోర్డు తామే ఒకసారి చదువుకునేవారు.

బూట్లు కుట్టే జర్మన్‌వాడు కొత్తగా వచ్చి, కష్టపడి ఒక బోర్డు రాయించుకున్నాడు: 'బూట్లు కుట్టబడును. మీ చర్మము మీరే తేవలెను.' మర్నాడు పొద్దున్నే టార్‌బాక్స్ వచ్చి అరుగుమీద కూర్చున్నాడు.

"ఏం కావాలండీ?" అన్నాడు జర్మన్‌వాడు.

"తెచ్చాను."

"ఏం తెచ్చారు?"

"నా చర్మం. ఎక్కడ ఒలుస్తావో చెప్పు, కోటు విప్పుతాను."

సాయంత్రానికి బోర్డు మారింది. జర్మన్‌వాడు మాత్రం ఆ మాట మరిచిపోలేదు. ఆ ఊళ్లో ఎవరూ ఏదీ మరిచిపోరు. చేసిన మేలు తప్ప.

చర్చిలోనూ అంతే. పాస్టరు కళ్లు మూసుకుని, చేతులు పైకెత్తి, గొంతు వణికిస్తూ, "ప్రభూ, మా పాపాలను కాపాడు!" అన్నాడు.

"నుంచి!" అని మూడో బల్లలోంచి వినబడింది.

పాస్టరు ఒక కన్ను తెరిచాడు. "ఏమిటి?"

"పాపాల నుంచి కాపాడు."

"దేవుడికి అర్థమవుతుందిలే టార్‌బాక్స్."

"ఆయనకు అవుతుంది. మన వాళ్ల సంగతే నా అనుమానం. వీళ్లు పాపాలనే కాపాడుకుంటారు."

ఆయన భార్య మెహిటబెల్ ఇలాంటప్పుడు చేతిలో పాటల పుస్తకం తిరగేస్తూ, ఆయన్ని పక్క బల్లావిడ మొగుణ్ణి చూసినట్టు చూసేది. ఎవరైనా జాలిపడితే ఆవిడ చెప్పే జవాబు ఒకటే. "పెళ్లికి ముందు నేను రాసిన ప్రేమలేఖలన్నీ దిద్ది వెనక్కి పంపాడమ్మా. ఆఖరిదాని కింద మాత్రం 'తప్పుల్లేవు' అని రాశాడు. ఈయన నోట ఇంతకంటే తీపి మాట రాదని, చేసేసుకున్నాను."

ఈ దిద్దుడి వల్ల అందరికన్నా ఎక్కువ నలిగినవాడు హోసియా బర్డ్‌సాల్. అతను రాళ్లు చెక్కేవాడు. గడప రాళ్లు, తిరగలి రాళ్లు, ముఖ్యంగా సమాధి రాళ్లు. చేతిలో పనితనం ఉంది గాని, చదువు తక్కువ. రాయి చేయించుకునేవాళ్లు రాసిచ్చిన కాగితం చూసి అక్షరానికి అక్షరం సుద్దతో రాతిమీద గీసుకుని, ఆ తర్వాత ఉలి పట్టేవాడు. కాగితంలో తప్పుంటే రాతిలోనూ తప్పే. కాగితమైతే చింపి పారెయ్యొచ్చు. రాతిలో ఒక అక్షరం తప్పితే ముఖమంతా అరగదీసి మళ్లీ మొదలుపెట్టాలి.

టార్‌బాక్స్ సాయంత్రం షికారుకు సరిగ్గా ఆ రాళ్ల మధ్యకే వచ్చేవాడు. ఒకసారి పశువుల వ్యాపారి ఒకడు భార్య సమాధికి ఇలా చెక్కించుకున్నాడు: 'అబిగేల్. ముప్పై ఏళ్ల కాపురం తర్వాత శాంతి.'

టార్‌బాక్స్ చదివి, మళ్లీ చదివి, వ్యాపారివైపు తిరిగాడు. "శాంతి ఎవరికి? ఆమెకా, నీకా?"

వ్యాపారి సమాధానం ఆలోచించడానికి మరీ ఎక్కువసేపు తీసుకున్నాడు. బయట నిలబడ్డ అబిగేల్ అన్నదమ్ములు లోపలికొచ్చారు. హోసియాకు రాయి అరగదీసే పనితో పాటు, ఆ ముగ్గుర్నీ విడదీసే పని కూడా పడింది.

"వకీలుగారూ, చచ్చినవాళ్లు చదవరు గదా! ఎందుకొచ్చిన గొడవ?" అని మొత్తుకున్నాడు హోసియా.

"బతికున్నవాళ్లు అంతకన్నా చదవరు. అందుకే ఒక్కడైనా చదవాలి," అన్నాడు టార్‌బాక్స్, సుద్ద దులుపుకుంటూ.

అలాంటి మనిషికి ఓట్లెలా పడ్డాయని అడగొచ్చు. ప్రభుత్వ వకీలు పదవికి ఆయన నిలబడ్డ ఏడు, పోటీదారు తాగి తన సభలోనే తన ప్రత్యర్థికి జై కొట్టాడు. అంతకుముందు ఆ పోటీదారే టార్‌బాక్స్‌ను మూర్ఖుడని కరపత్రం అచ్చువేయించాడు. టార్‌బాక్స్ ఆ కరపత్రం పట్టుకుని అతని ఇంటికే వెళ్లాడు. "నువ్వు తిట్టినందుకు అభ్యంతరం లేదు. తిట్టులో ఒక అక్షరం తగ్గింది. మిగిలిన ప్రతుల్లోనైనా సరిచేయించు," అని చెప్పొచ్చాడు. జనం నవ్వుకున్నారు. నవ్వుతూనే ఓటేశారు. కోర్టులో పనిచేయడానికి తప్పులు పట్టే చూపు పనికొస్తుందని పెద్దవాళ్లు అన్నారు. పనికొచ్చింది కూడా. ఆయన రాసిన అభియోగ పత్రం ఒక్కటి కూడా తిరిగి రాలేదు. రాష్ట్ర సెనేటుకు వచ్చే ఏడు ఆయన్నే నిలబెడదామని పార్టీవాళ్లు అనుకుంటున్నారు. ఆ సంగతి ఎవరైనా ఎత్తితే, జీవితంలో మొదటిసారి, ఆయన వాళ్ల మాటల్లో తప్పులు వెతకడం మరిచిపోయేవాడు.

సరిగ్గా అప్పుడే ఆనకట్ట గొడవ వచ్చింది.

ఏటిమీద పిండిమర ఓర్విల్ గేజ్‌ది. ఆ చుట్టుపక్కల గోధుమ, మొక్కజొన్న ఎవరు పండించినా ఆడించాల్సింది అతని మరలోనే. ఆ ఏడు అతను మర ఇంకా జోరుగా తిరగాలని ఆనకట్టమీద పలకలు పెంచాడు. నీళ్లు వెనక్కి తన్ని పల్లపు పొలాలన్నీ ముంచేశాయి. గడ్డి కుళ్లింది. నిలవ నీళ్లకు దోమలు, దోమలకు చలిజ్వరాలు. బెథెల్ ఫోర్డ్‌లో మంచివాళ్లకు కొదవ లేదు. అందరూ తలుపులు వేసుకుని మంచివాళ్లు. తలుపులు వేసుకుని గేజ్‌ను తిట్టారు. తలుపులు తీసి, "గేజ్‌గారూ, బాగున్నారా" అన్నారు.

హోసియా తమ్ముడు ఎనాస్‌కు ఆ తేడా తెలియదు. వాడి పొలం పల్లంలో ఉంది. భార్య చలిజ్వరంతో వణుకుతోంది. వాడు గొడ్డలి భుజాన వేసుకుని, పట్టపగలు, పదిమందీ చూస్తుండగా వెళ్లి ఆ పలకలన్నీ నరికేశాడు. నీళ్లు దిగిపోయాయి. పల్లపువాళ్లంతా ఆ సాయంత్రం ఎనాస్ వీపు తట్టారు. మర్నాడు గేజ్ వచ్చి, "ఎవరు చూశారు?" అని అడిగితే, ఆ వీపు తట్టిన చేతులే ఎత్తి చూపించాయి. మర ఆడకపోతే రొట్టె ఉండదు గదా.

ఆనకట్ట నరికినవాడికి ఏళ్ల తరబడి జైలు. హోసియా టోపీ చేత్తో పట్టుకుని టార్‌బాక్స్ ఇంటికి వెళ్లాడు. అలా టోపీ పట్టుకోవడం అతనికి ఇష్టం లేదు. అయినా వెళ్లాడు.

"వకీలుగారూ, మీ కాళ్లు పట్టుకుంటాను. మావాడిమీద కాగితం రాయకండి. వాడు అమాయకుడు."

"అమాయకుడంటే ఏమీ తెలియనివాడు. నువ్వు అనదలుచుకున్నది నిర్దోషి అని," అన్నాడు టార్‌బాక్స్. "అదీ తప్పే. నరికింది వాడే."

హోసియా మెడ నరాలు ఉబ్బాయి. "వాడి పెళ్లాం మంచం మీదుంది. వాడు జైలుకుపోతే ఆ పిల్లలేం కావాలి? మీరు రాయనంటే సరిపోతుంది గదా!"

"నేను రాయకపోతే గేజ్ ఇంకొకణ్ణి పట్టుకొస్తాడు. జడ్జి ఆ ఇంకొకణ్ణి నియమిస్తాడు. ఆ వచ్చినవాడు గేజ్ చెప్పినట్టల్లా రాస్తాడు." టార్‌బాక్స్ కళ్లద్దాలు తుడుచుకున్నాడు. "ఈ కాగితం నా చేత్తోనే రాయాలి. నేను రాసేదాంట్లో ఏముండాలో, ఏముండకూడదో నాకు తెలుసు."

"అంటే తప్పించుకునే సందు లేకుండా రాస్తారన్నమాట."

"'అన్నమాట' అక్కర్లేదు. 'రాస్తారు' అంటే చాలు."

హోసియా టోపీ నెత్తిన పెట్టుకుని బయటికొచ్చేశాడు. దారిలో ఎదురొచ్చిన ప్రతి కంచె గుంజనూ తన్నుకుంటూ ఇల్లు చేరాడు. కాళ్లు పట్టుకోబోయినవాడి మాటల్లో కూడా తప్పులేరుకునే మనిషిని దేవుడు ఎందుకు పుట్టించాడో అతనికి అర్థం కాలేదు. ఎప్పటికైనా, ఒక్కసారైనా, వాడి తప్పు తను పట్టుకోవాలి. పట్టుకుని నలుగుర్లో చెప్పాలి. ఆ తర్వాత చచ్చిపోయినా ఫరవాలేదు, తన రాయి ఎవడు చెక్కినా ఫరవాలేదు అనుకున్నాడు.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. ఆ రాష్ట్రంలో ఏ అభియోగ పత్రమైనా ఒకే వాక్యంతో ముగియాలి: 'రాష్ట్రము యొక్క శాంతికిన్నీ గౌరవానికిన్నీ భంగకరముగా.' కోడిని దొంగిలించినా అదే, మనిషిని చంపినా అదే. కోర్టు జరిగే రోజుల్లో ఊరంతా అక్కడే కూర్చుంటుంది గనక, ఆ ముక్క పసిపిల్లలకు కూడా నోటికొచ్చు. పక్కింటి పంది తోటలోకొస్తే, "రాష్ట్రము యొక్క శాంతికిన్నీ గౌరవానికిన్నీ భంగకరముగా మా క్యాబేజీ తిన్నది" అనేవాళ్లు ఆడవాళ్లు.

జడ్జి మెకమ్ గుర్రబ్బండిలో ఊరూరా తిరుగుతూ, ఏడాదికి రెండు విడతలు బెథెల్ ఫోర్డ్ వచ్చేవాడు. ఆ శరత్కాలం విడతలో ఎనాస్ కేసు వచ్చింది. జ్యూరీలో కూర్చున్నవాళ్లంతా గేజ్ మరలో పిండి ఆడించుకునేవాళ్లే. గేజ్ ముందు బల్లమీద కాళ్లు చాపుకుని కూర్చుని, ఒక్కొక్కణ్ణీ పేరుపేరునా పలకరించాడు. ఎనాస్ తరఫున కోర్టు ఇచ్చిన వకీలు ఫిచ్ అనే కుర్రాడు. మధ్యాహ్నం హోటల్లో పంది మాంసం దండిగా తిని వచ్చాడేమో, కళ్లు వాలిపోతున్నాయి.

టార్‌బాక్స్ లేచి అభియోగం చదివాడు. ఫలానా ఎనాస్ బర్డ్‌సాల్, ఫలానా ఏటిమీద, ఫలానా గొడ్డలితో అంటూ సాగి, "రాష్ట్రము యొక్క శాంతికి భంగకరముగా" అని ముగించాడు. ముగించి ఆగాడు. ఫిచ్ వైపు చూశాడు. ఫిచ్ గోళ్లు చూసుకుంటున్నాడు. జడ్జి వైపు చూశాడు. జడ్జి యాపిల్ పండు తొక్క తీస్తున్నాడు.

"ముద్దాయి వకీలుకు సరిగా వినబడిందో లేదో," అన్నాడు టార్‌బాక్స్. "మళ్లీ చదువుతాను."

"అక్కర్లేదండీ," అన్నాడు ఫిచ్.

"శ్రమ లేదు."

ఈసారి నెమ్మదిగా చదివాడు. చివరికొచ్చి, "రాష్ట్రము యొక్క శాంతికి..." అని ఆగి, నీళ్లగ్లాసు తీసుకుని, తాగి, గ్లాసు కింద పెట్టి, మూతి తుడుచుకుని, "...భంగకరముగా" అన్నాడు. జ్యూరీలో ఇద్దరికి దాహం వేసింది. అంతకుమించి ఏమీ జరగలేదు.

టార్‌బాక్స్ ముఖం పాలిపోయింది. "ఈ గది వెనకవైపువాళ్లకు వినబడలేదని నా అనుమానం," అన్నాడు.

"టార్‌బాక్స్, మాకందరికీ కంఠస్థం అయిపోయింది," అన్నాడు జడ్జి విసుగ్గా.

"అవలేదండీ. అదే నా బాధ."

మూడోసారి గొంతెత్తి చదివాడు. చివరి బల్లమీద కూర్చున్న హోసియాకు ఒళ్లు మండిపోతోంది. తమ్ముణ్ణి జైలుకు పంపే కాగితాన్ని వీడు తేనె నాకినట్టు నాకుతున్నాడు, మళ్లీ మళ్లీ చదువుకుని మురిసిపోతున్నాడు అనుకున్నాడు. అనుకుంటూ, ద్వేషంతో చెవులు రిక్కించి, ఒక్కో మాటే వింటున్నాడు. ఆఖరి వాక్యంలో, చీకట్లో మెట్టనుకుని గాలిలో కాలేసినవాడిలా ఉలిక్కిపడ్డాడు.

"గౌరవం ఏదీ?" అని అరిచాడు.

గది తిరిగి చూసింది. జడ్జి యాపిల్ దించాడు. "ఎవరది?"

"హోసియా బర్డ్‌సాల్‌నండీ! శాంతి ఉంది, గౌరవం లేదు! గౌరవం మింగేశాడు!" అతను బల్లెక్కి నిలబడ్డాడు. ఆ క్షణాన అతనికి తమ్ముడు గుర్తులేడు. జైలు గుర్తులేదు. ఇన్నేళ్లుగా అరగదీసిన రాళ్లన్నీ గుర్తొస్తున్నాయి. "తప్పు! అసాహెల్ టార్‌బాక్స్ తప్పు రాశాడు! వినండొహో, టార్‌బాక్స్ తప్పు రాశాడు!"

బూట్లు కుట్టే జర్మన్‌వాడు ముందు నవ్వాడు. తర్వాత పాస్టరు. తర్వాత ఇల్లెగిరిపోయేంత నవ్వు. జడ్జి సుత్తి కొట్టీ కొట్టీ అలిసిపోయి, కాగితం తెప్పించుకుని చదివాడు. రెండువైపులా తిప్పి చూశాడు.

"టార్‌బాక్స్, గౌరవం లేదు. అది లేని కాగితం చెల్లదు."

"కోర్టువారు క్షమించాలి," అన్నాడు టార్‌బాక్స్, తలవంచుకుని.

"మిస్టర్ ఫిచ్, నువ్వేమైనా అడగాలేమో," అన్నాడు జడ్జి.

ఫిచ్ లేచాడు. "నేనాండీ?"

"నువ్వే."

"అయితే... కొట్టెయ్యండి."

"దేన్ని?"

"అదేనండీ, ఇప్పుడు తమరు కొట్టెయ్యబోతున్నదాన్ని."

"కొట్టేశాను. ముద్దాయిని వదిలెయ్యండి."

గేజ్ కాళ్లు దించి పైకి లేచాడు. "ఒక్క మాట కోసమా! ఆ మాటేదో ఇప్పుడు రాసెయ్యండయ్యా!"

"ఇది అభియోగం ఖాయం చేసే పెద్దలు ప్రమాణం చేసి ఇచ్చిన కాగితం గేజ్. నేను చేర్చకూడదు, ఆయన చేర్చకూడదు. ఆ పెద్దలు మళ్లీ కూర్చునేది నేను వసంతంలో వచ్చినప్పుడే."

"అప్పటిదాకా వీణ్ణి లోపలుంచండి!"

"ఏ కాగితం మీద?" అన్నాడు జడ్జి, యాపిల్ అందుకుంటూ.

హోసియా అప్పుడు టార్‌బాక్స్ ముఖం చూశాడు. కోపం కనబడుతుందనుకున్నాడు. కనబడలేదు. మనిషి రుమాలుతో మెడ తుడుచుకుంటున్నాడు, బరువు దించుకున్న కూలీలాగా. హోసియాకు అది కాస్త నిరాశే.

ఎనాస్ ఆ వారమే బండికి ఎద్దులు కట్టి, పెళ్లాంపిల్లల్ని ఎక్కించుకుని అయోవా వెళ్లిపోయాడు. వసంతానికి జడ్జి వచ్చాడు గాని ముద్దాయి లేడు. గేజ్ ఆనకట్ట మళ్లీ కట్టుకున్నాడు. మళ్లీ ఎవడు గొడ్డలి పట్టుకొస్తాడోనని ఈసారి ఒక పలక తగ్గించాడు. ఊరు దానికి, "గేజ్‌గారిది పెద్ద మనసు" అంది.

టార్‌బాక్స్‌ది మాత్రం పెద్ద తప్పు. ఆ ఊరికి అంత సంబరం స్వాతంత్ర్య దినానికి కూడా రాలేదు. ఆయన వీధిలోకొస్తే, "వకీలుగారూ, ఏదో పోగొట్టుకున్నట్టున్నారే?" అని ఒకడు. "గౌరవమట పాపం, ఎక్కడో జారిపోయిందట" అని ఇంకొకడు. పిల్లలు ఆయన వెనకాలే నేల వెతుక్కుంటూ నడిచేవారు. జర్మన్‌వాడు దుకాణం ముందు కొత్త బోర్డు పెట్టాడు: 'దొరికిన గౌరవం ఇక్కడ ఇవ్వబడును.' పార్టీవాళ్లు సెనేటుకు వేరే మనిషిని చూసుకున్నారు. అతను చదివిన ఉపన్యాసం అతనికే అర్థం కాలేదు గాని, గెలిచాడు. తర్వాత ప్రభుత్వ వకీలు పదవి కూడా పోయింది. దస్తావేజులు రాయించుకునేవాళ్లు కూడా పక్క ఊరు వెళ్లారు, మా హద్దుల్లో ఏ చెట్టు మింగేస్తాడో అని.

అన్నిటికన్నా వింత, టార్‌బాక్స్ దిద్దడం మానేశాడు. ఒక ఆదివారం పాస్టరు చిలిపిగా, కావాలనే, "ప్రభూ, మా పాపాలను కాపాడు" అని ఆగాడు. చర్చి మొత్తం మూడో బల్లవైపు చూసింది. టార్‌బాక్స్ ఒళ్లో ఉన్న టోపీ చూసుకుంటూ కూర్చున్నాడు. ఆ ఆదివారం బెథెల్ ఫోర్డ్ పాపాలన్నీ నిక్షేపంగా కాపాడబడ్డాయి.

ఈ నవ్వుల్లో హోసియాదే పెద్ద గొంతు. టార్‌బాక్స్‌ను పడగొట్టినవాడని హోటలువాళ్లు పిలిచి కూర్చోబెట్టేవారు. గౌరవం ఏదీ అని ఎలా అరిచాడో మళ్లీ చేసి చూపించమనేవారు. చూపించేవాడు. కొంతకాలానికి ఆ అరుపు తనకే చప్పగా అనిపించసాగింది.

ఇంతలో హోటలు యజమాని తల్లి పోయింది. హోసియా రాయి తెచ్చి, సుద్దతో గీశాడు. టార్‌బాక్స్ షికారుకు ఆ దారినే వచ్చి, రాయి ముందు ఆగి, పెదవులు కదిలించి, ఏమీ అనకుండా వెళ్లిపోయాడు. హోసియా నిశ్చింతగా ఉలి పట్టాడు. రాయి పాతిన రోజు హోటలు యజమాని చదివాడు: 'శాశ్వత శాశ్వత నిద్ర.'

"ఏం హోసియా, మా అమ్మ ఒకసారి పడుకుంటే లేచే రకం కాదే. రెండుసార్లెందుకు చెప్పావు?"

హోసియా ఉలి అక్కడే పడేసి, తిన్నగా టార్‌బాక్స్ ఇంటికి నడిచాడు. మేడమీద గదిలో టార్‌బాక్స్ కిటికీ దగ్గర ఉత్త బల్లముందు కూర్చుని ఉన్నాడు. మెహిటబెల్ కాఫీ పెట్టి వెళ్లబోతోంది.

"సుద్దతో గీసినప్పుడు మీరు చూశారు!" అన్నాడు హోసియా గుమ్మంలోంచే. "రెండు శాశ్వతాలు చూశారు! ఎందుకు చెప్పలేదు?"

"నేను దిద్దడం మానేశాను."

"ఎందుకు?"

"నేను ఎవరి తప్పు చెప్పినా ఊరు నా తప్పు చెబుతోంది. వాళ్ల చదువు అక్కడితో ఆగిపోతోంది."

"బర్డ్‌సాల్, ఎలాగైనా ఈయన చేత ఒక్కటి దిద్దించి పో నాయనా," అంది మెహిటబెల్. "నిన్న కావాలని ఉప్పుకు బదులు పంచదార వేసి సూపు కాచాను. మాట్లాడకుండా తాగాడు. బతికున్నాడో లేదో ముట్టుకుని చూసుకుంటున్నాను." ఆవిడ తలుపు దగ్గరగా వేసి కిందికి దిగిపోయింది.

హోసియా నిలబడ్డాడు. కోపంతో వచ్చాడు గాని, ఆ ఉత్త బల్లను చూస్తే కోపం నిలవలేదు. ఆ బల్లమీద ఎప్పుడూ కాగితాలు గుట్టలుగా ఉండేవి.

"సరే, చూడండి. అయిందేదో అయింది," అన్నాడు. "ఊరు నవ్వింది, నేనూ నవ్వాను. నేనే ఎక్కువ నవ్వాను. మనిషన్నాక ఎవడికైనా జరుగుతుంది. మీరు పొరపాటున ఒక మాట వదిలేశారు. అంతేగదా?"

టార్‌బాక్స్ కాఫీ కప్పు ఎత్తి, తాగకుండా దించాడు. కిటికీలోంచి బయటికి చూశాడు. చెవులు ఎర్రబడ్డాయి. గొంతు సవరించుకున్నాడు. సవరించుకుని ఊరుకున్నాడు.

"ఏమైంది?" అన్నాడు హోసియా.

"ఏమీ లేదు."

"ఒంట్లో బాగాలేదా?"

"బర్డ్‌సాల్, నువ్విప్పుడు అన్న వాక్యంలో..." ఆయన పళ్లు బిగించాడు. బల్ల అంచు పట్టుకున్నాడు. "వద్దులే. ఇంటికి వెళ్లు."

"వాక్యంలో ఏంటి?"

"ఒక మాట తప్పు."

"ఏ మాట?"

టార్‌బాక్స్ ఊపిరి వదిలాడు. "పొరపాటున."

హోసియాకు అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. అతను రాయి పనివాడు. ఏ మాటైనా లోపలికి దిగడానికి దెబ్బలు పడాలి. ఒక్కొక్కటే పడ్డాయి. చదివిన కాగితమే మళ్లీ మళ్లీ చదవడం. ఆ నీళ్లగ్లాసు. వెనకవాళ్లకు వినబడలేదనడం. ఆ రుమాలు. అతను అక్కడున్న కుర్చీలో కూలబడ్డాడు.

"నేను అరవకపోయుంటే?"

"నాలుగోసారి చదివేవాణ్ణి."

"అప్పటికీ ఎవడూ పట్టుకోకపోతే?"

"అదే నాకు చెమటలు పట్టించింది. ఇన్నేళ్లు ఈ ఊరందరి తప్పులూ దిద్దానే, కావలసిన రోజున నా తప్పు పట్టుకునేవాడు ఒక్కడు తయారు కాలేదు." ఆయన గొంతులో నిజమైన కోపం వినబడింది. "నా మీద కక్ష ఉన్నవాడికి తప్ప ఎవడికీ చెవులు పనిచెయ్యలేదు!"

"నాకు ముందే ఒక మాట చెప్పి ఉంటే..."

"చెబితే అది కుట్ర. చెప్పకపోతే అది తప్పు. తప్పుకు నవ్వుతారు. కుట్రకు మీ తమ్ముణ్ణి అయోవా నుంచి ఈడ్చుకొస్తారు."

సెనేటు, పదవి, కక్షిదారులు, వీధిలో పిల్లలు, అన్నీ హోసియా కళ్లముందు తిరిగాయి. వాటిలో సగం తన గొంతుతోనే తెచ్చిపెట్టాడు. ఏదో అనబోయి, సరైన మాట దొరక్క, దొరికినవి ఈయన ముందు అనడానికి భయమేసి, లేచి చెయ్యి చాపాడు. టార్‌బాక్స్ ఆ చెయ్యి పట్టుకుని ఒకసారి ఊపి వదిలేశాడు.

"ఒక్క సంగతి. నువ్వు నవ్వడం మానకు," అన్నాడు. "ఉన్నట్టుండి నువ్వు మానేస్తే గేజ్ ఆలోచిస్తాడు. వాడికి ఆ అలవాటు లేదు, మనం అలవాటు చెయ్యకూడదు."

హోసియా మెట్లు దిగి వీధిలోకి వచ్చాడు. ఎదురుగా దుకాణం అరుగుమీద ఊరి సోమరులంతా వరసగా కూర్చుని ఉన్నారు. మధ్యలో గేజ్ చుట్ట కాల్చుకుంటున్నాడు.

"ఏం హోసియా, ఇంతసేపు! ఏమంటున్నాడు మన పండితుడు?" అన్నాడు గేజ్.

హోసియా నడివీధిలో ఆగాడు. వెనక్కి తిరిగి, మేడమీది కిటికీకేసి తలెత్తి, ఎప్పటికన్నా పెద్దగా అరిచాడు.

"వకీలుగారూ! మీ గౌరవం ఇంకా దొరకలేదంటగా!"

అరుగంతా గొల్లుమంది. గేజ్ చుట్ట కింద పడేసుకున్నాడు. అంతలో పైన కిటికీ దభాలున తెరుచుకుని, కళ్లద్దాలు, వాటి వెనక మండుతున్న రెండు కళ్లు బయటికొచ్చాయి.

"'అంట' కాదురా! 'అట'!"